వీధిలో విప్పిన బండి

టాంకు పైకెత్తి పెట్రోలు గొట్టం ఊడదీస్తే, లోపల మిగిలిన ఒత్తిడికి నాలుగు చుక్కలు మణికట్టు మీద చిమ్ముతాయి. ఎంత ఎండలోనైనా అవి చల్లగా తగులుతాయి. నిన్న పొద్దున్న నా వర్క్‌షాపులో అలా తగిలినప్పుడు పెట్రోలు వాసనతోపాటు బెల్లం వాసన కూడా వచ్చినట్టయింది. చుట్టుపక్కల బెల్లం ఎక్కడా లేదు. అది వరహాలమ్మ గారి బండి వాసన. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడని చూడనివాళ్లకు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలంటే నేను ఆ బండి దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

అనకాపల్లిలో మా ఇంటి వరసలోనే వాళ్ల బెల్లం కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. భర్తకు పక్షవాతం వచ్చి కాలు స్వాధీనం తప్పాక ఆయన కొట్లోనే కూర్చుండిపోయారు. ఊళ్లు తిరిగి, రైతులు వండిన బెల్లం రుచి చూసి, బేరం కుదుర్చుకు రావలసిన పని ఎవరు చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. మరిది సత్యం సిద్ధంగా ఉన్నాడు. తిరుగుడు అతని చేతికి పోతే కొన్నాళ్లకు కొట్టు కూడా పోతుందని ఆవిడకు తెలుసు. నలభై దాటిన వయసులో చీర కుచ్చిళ్లు ఎగదోపి మోటారు సైకిలు నేర్చుకున్నారు. "స్కూటీ కొనుక్కోవచ్చు కదా పిన్నీ" అని నేనొకసారి అంటే, "సెరుకు తోటల్లోకి స్కూటీ ఎల్తాదేటి?" అన్నారు. కశింకోట అవతలి ఊళ్ల నుంచీ, ఎస్. రాయవరం వైపు నుంచీ, వెనక సంచిలో బెల్లం దిమ్మలు కట్టుకుని ఆవిడ తిరిగొస్తుంటే బజారంతా తల తిప్పి చూసేది. ఆవిడ మాత్రం రోడ్డునే చూసేవారు.

అవి రెండువేల దశకం చివరి రోజులు. కార్బురేటరు లేకుండా, చిన్న కంప్యూటరు పెట్రోలు కొలిచి ఇంజిన్‌లోకి చిమ్మే బళ్లు అప్పుడప్పుడే మా ఊరొస్తున్నాయి. ఆవిడది అలాంటిదే. నేను ఆటోమొబైల్ డిప్లొమా చేసి, ఆ బండి అమ్మిన షోరూంలోనే ఉద్యోగంలో చేరాను. వర్క్‌షాపులో పని కావాలని అడిగితే నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు. "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఆ గ్రీజు గొడవ" అన్నారు మేనేజరు గారు, నాకేదో మేలు చేస్తున్నట్టు.

ఒకసారి బండి పొలం గట్టు మీద పడి సైలెన్సరు సొట్టపోతే ఆవిడ బయట దొరికిన వేరే రకం వేయించారు. అప్పట్నుంచి నెమ్మదిగా పోనిస్తే కుదుపులు, బరువుంటే ఉన్నట్టుండి ఆగిపోవడం. ఒకరోజు అలా ఆగి కాలవలో పడ్డారు. మోచెయ్యి చీరుకుపోయింది. బండిని షోరూంకి తెస్తే మెకానిక్కు అటూ ఇటూ నడిపి చూసి, "బండిలో ఏం లేదు మేడమ్, నడపడంలోనే ఉంది" అన్నాడు. వెంట వచ్చిన సత్యం అదే సందని అందుకున్నాడు.

"నాను ముందే సెప్పేను వదినా. ఇది ఆడోళ్లు నడిపే బండి కాదు. ఊళ్లకి నాను ఎల్తాను, నువ్వు ఇంటికాడుండు."

ఆవిడ మోచేతి కట్టు సర్దుకుని బయటికి నడిచారు. నేను కౌంటరు వదిలి వెనకాలే వెళ్లాను.

"పిన్నీ, మీ చేతిలో తప్పేమీ లేదు. కొత్త సైలెన్సరు వల్ల గాలి ఎక్కువ లాగుతోంది, పెట్రోలు మాత్రం పాత కొలతే పడుతోంది. అది చాలకే ఆగిపోతోంది. దాన్ని సరిచెయ్యడానికి ట్యూనర్ అని చిన్న పెట్టె ఉంది. బెంగళూరు నుంచి తెప్పించుకోవచ్చు. కాకపోతే బయటి సామాను పెడితే వీళ్లు వారంటీ ఇవ్వరు."

"ఇప్పుడేటి ఇత్తన్నారు?" అన్నారు. తర్వాత నాకేసి తేరిపార చూసి, "నువ్వెట్టగలవా?" అని అడిగారు.

"చదివాను. ఎప్పుడూ పెట్టలేదు."

"బండెక్కకముందు నానూ ఎప్పుడూ ఎక్కలేదు. తెప్పించు."

పెట్టె వచ్చిన తర్వాతి ఆదివారం నేను పనిముట్లు పట్టుకుని తిన్నగా వాళ్ల పెరట్లోకి వెళ్లాను. బండి అక్కడ లేదు. ఆవిడ దాన్ని కొట్టు ముందు, వీధిలో నిలబెట్టి ఉంచారు. పెరట్లో అయితే ఎవరూ చూడరని చెప్పబోయాను.

"దొంగ పని సేత్తన్నావేటి రత్నం? ఇక్కడే సెయ్యి" అన్నారు.

సీటు తీశాను. బాటరీ వైరు విప్పాను. టాంకు ఎత్తి అందిస్తే ఆవిడ అరుగు మీద పెట్టి పక్కనే కూర్చున్నారు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు ప్లగ్గు ఊడదీసి, మధ్యలో ట్యూనర్ వైరు కలిపాను. ఎర్త్ వైరును ఫ్రేము బోల్టు కింద బిగించాను. పెట్టెను సీటు కింద, వేడి తగలని చోట కట్టాను. అప్పటికే జనం మూగారు. షోరూం మెకానిక్కు కూడా వచ్చాడు. సత్యం అరుగెక్కి కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాడు.

అన్నీ బిగించి స్టార్ట్ చేశాను. బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే ఆ దగ్గు కూడా లేదు. ఎవరో నవ్వారు. "కంప్యూటర్ కాలిపోయుంటాది" అన్నాడు మెకానిక్కు, అందరికీ వినపడేలా.

"పిన్నీ, లోపలికి తోసేద్దాం. లోపల చూస్తాను."

"ఇక్కడ కనపడనిది లోపలేటి కనపడతాది?"

"అందరూ చూస్తున్నారు పిన్నీ."

"సూడనీ. నాను కాలవలో పడ్డప్పుడూ సూసేరు. అందరూ సూత్తుండగానే అక్కడే లెగిసేను. పడింది ఒక దగ్గర, లెగడం ఇంకో దగ్గరా?"

సత్యం గొంతు సవరించుకుని ఏదో అనబోయాడు. ఆవిడ తల తిప్పకుండానే, "పనవనీ సత్యం. అయ్యాక మాటాడుదువు గాని" అన్నారు.

నేను మొదటి వైరు నుంచి మళ్లీ చూసుకుంటూ వచ్చాను. చివరికి ఫ్రేము బోల్టు దగ్గర ఆగాను. దాని కింద దళసరిగా రంగు ఉంది. రంగు మీద బిగిస్తే ఎర్త్ ఎలా అందుతుంది? ఆ వైరు విప్పి తిన్నగా బాటరీ నెగిటివ్‌కి కలిపాను. ఈసారి నొక్కగానే ఇంజిన్ అందుకుంది. పెట్టె మీది మీటలు నొక్కుతూ తక్కువ వేగంలో పడే పెట్రోలు కొంచెం కొంచెంగా పెంచాను. చప్పుడులో ఎగుడుదిగుడు తగ్గి, చివరికి ఒకే తీరుగా నిలిచింది.

ఆవిడ వెనక బెల్లం సంచి కట్టించుకుని ఎక్కారు. దూసుకుపోతారని అందరూ పక్కకు జరిగారు. ఆవిడ మాత్రం మనిషి నడిచేంత నెమ్మదిగా పోనిచ్చారు. ఒక్క కుదుపు లేదు, కాలు నేలకు ఆనలేదు. వీధి చివర తిరిగి, అంతే నెమ్మదిగా వెనక్కి వచ్చి, సత్యం ముందు ఆపారు.

"ఇప్పుడు సెప్పు, ఏటో అనబోయేవు."

అతను అరుగు దిగాడు.

"రేపు కశింకోట నానే ఎల్తాను" అన్నారు ఆవిడ.

మర్నాడు మేనేజరు గారు నన్ను పిలిచి, బయటి పని చేసినందుకు క్షమాపణ చెప్పమన్నారు. ఇక రెంచి ముట్టనని కూడా చెప్పమన్నారు. నన్ను వర్క్‌షాపులో వేస్తేనే ఉంటానన్నాను. కుదరదన్నారు. నా టిఫిను డబ్బా తీసుకుని వచ్చేశాను. ఇంట్లో అమ్మ ఏడ్చింది. వరహాలమ్మ గారు మాత్రం అయ్యో అనలేదు. అంతా విని, "మా కొట్టు పక్క కాళీ ఉంది. ఎండ పడతాది, పరదా కట్టుకో" అన్నారు. పరదా కట్టుకున్నాను. చాలాకాలం వరకు నాకు బండి ఇచ్చింది ఆవిడొక్కరే. దారినపోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు, బండి మాత్రం ఇంకో చోటికి తీసుకుపోయేవాళ్లు. తర్వాత వాళ్లే తెచ్చారు. ఆవిడ మోకాళ్లు సహకరించినన్నాళ్లూ ఊళ్లు తిరిగారు. కొట్టు కడదాకా ఆవిడ చేతిలోనే ఉంది.

ఆవిడకు రెంచి పట్టడం కూడా రాదు. నా పని గురించి ఒక్క సలహా ఇచ్చిన గుర్తు లేదు. అయినా ఈ పనిలో నేను నిలబడ్డానంటే ఆవిడ వల్లే. ఇప్పటికీ ఏ బండైనా విప్పి బిగించాక స్టార్ట్ కాకపోతే, చుట్టూ నలుగురు ఉంటే, దాన్ని లోపలికి తోసేద్దామని చేతులు తొందరపడతాయి. ఆ చేతులను కాసేపు ఆపుకుంటాను. చూసేవాళ్లను చూడనిచ్చి, అక్కడే కూర్చుని, మొదటి వైరు నుంచి మళ్లీ మొదలుపెడతాను.