దయ్యాన్ని తెచ్చినాయనతో బావిగట్టున భోజనం

పదహారేళ్ల వయసులో ఒక దయ్యం నవల చదివి నెల రోజులు పెరట్లోకి ఒంటరిగా వెళ్లలేదు నేను. అందులో శవం తేలిన దిగుడుబావి నిజంగానే రాయచూరు జిల్లాలో ఉందని ఈమధ్యే తెలిసింది. రచయిత శేషగిరిరావు గారికి ఫోన్ చేస్తే, బావి చూపిస్తాను గానీ అక్కడ నాతోపాటు భోంచెయ్యాలి అన్నారు. ఎందుకని అడగకుండానే ఒప్పేసుకున్నాను.

మహబూబ్‌నగర్‌లో ఆరింటికి రాయచూరు బస్సెక్కి, కృష్ణ దాటి, తొమ్మిదికల్లా చిక్కసూగూరులో దిగాను. టికెట్టు రెండు వందల లోపే. ఆటో అతనికి చిరునామా చెప్పబోతే, "దయ్యాల సారింటికేనా? కూసో అన్నా" అన్నాడు. శేషగిరిరావు గారిది గోదావరి వైపు. ఇక్కడి కరెంటు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. షిఫ్టు దిగాక పట్టపగలు వరండాలో కూర్చుని నలభై దాకా హత్యలూ దయ్యాలూ రాశారట. రాత్రి రాస్తే ఆయనకే భయమట. మమ్మల్నంతగా వణికించిన మనిషి లైటు వేసుకుని పడుకుంటారని తెలిసి నాకు ఒళ్లు మండింది.

పదకొండింటికి అదే ఆటోలో బయల్దేరాం. అరగంట దారి, పోనూ రానూ ఐదు వందలు. దారిలో ఆయన తన తప్పు చెప్పారు. చోటు నిజమైతేనే భయం పుడుతుందని ఊరి పేరు మార్చకుండా, బావి మెట్లు కూడా లెక్కపెట్టి రాశారు. ఏళ్ల తర్వాత ఎవరో ఆ కథను యూట్యూబులో చదివి వినిపించడం మొదలుపెట్టారు. వీడియోలు తీసేవాళ్లు గుంపులుగా వచ్చారు. కూలీలు ఆ చేనికి రావడం మానేశారు. మూడేళ్ల కిందట పత్తి చెట్టుమీదే పాడైంది.

చేను ఈరమ్మది. మేం వెళ్లేసరికి ఆమె, ఈమధ్యే మళ్లీ పనికొస్తున్న మరో ఇద్దరు ఆడవాళ్లు పత్తి ఏరుతున్నారు. సగం చేను ఇంకా తెల్లగానే ఉంది. అలవాటుకొద్దీ నేను బావిని రెండు ఫొటోలు తీశాను. ఈరమ్మ ఒడిలో పత్తితోనే నా దగ్గరికొచ్చింది. కోప్పడలేదు.

"దయ్యం లేదని మేం చెప్తే ఎవ్వరు ఇంటలేరయ్యా. తెచ్చినోడే తీస్కపోవాలె. అందుకే సారును వారం వారం రమ్మన్న."

శేషగిరిరావు గారు చెప్పులు విడిచి మెట్లు దిగి, దోసిలితో నీళ్లు తాగారు. ఆ ఇద్దరూ పని ఆపి చూశారు. అప్పుడాయన నన్ను పిలిచారు.

"నేను తాగితే చాలట్లేదండీ. రాసినవాడికి దయ్యం చుట్టమే కదా అంటున్నారు. చదివి భయపడినవాళ్లు తాగాలి."

షరతు ఎందుకో అప్పుడర్థమైంది. ఇరవై రెండు మెట్లు, నవలలో ఉన్నన్నే. గోడ పట్టుకునే దిగాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. నీళ్లు చల్లగా, కాస్త ఉప్పగా ఉన్నాయి. తర్వాత గట్టుమీద కూర్చుని జొన్నరొట్టె, ఇక్కడ పుండిపల్య అనే గోంగూర కూర తిన్నాం. ఇంటినుంచే నీళ్లు తెచ్చుకునే ఆ ఇద్దరిలో ఒకామె మధ్యలో వచ్చి, బావిలో సీసా నింపుకుని వెళ్లింది. శేషగిరిరావు గారు రొట్టె నమలడం ఆపి ఆమెనే చూస్తుండిపోయారు.

ఆ భయాన్ని పుట్టించడానికి ఆయనకు మూడు నెలలు పట్టిందట. పోగొట్టడానికి రెండేళ్లుగా తిరుగుతున్నారు. ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్నది ఆ మూడు నెలల్నే. ఇప్పుడు ఈ రెండేళ్లే గొప్పగా తోస్తున్నాయి.

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. ఫొటోలు చెరిపేశాను, ఆ ఊరి పేరు నేను రాయను. చిక్కసూగూరులో దయ్యాల సారును అడిగితే ఆయనే తీసుకెళ్తారు. ఫోను సంచిలో పెట్టి, ఒక గ్లాసు పట్టుకెళ్లండి.