బాల్కనీలో ఉప్పునీళ్ల బకెట్

మా గదిలో ఉండే అన్న పోయారని ఆయన కంపెనీ బస్సు డ్రైవర్ పొద్దున ఫోన్ చేసి చెప్పాడు. కిటికీకి తల ఆనించి కూర్చున్న మనిషి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో అందరితో పాటు దిగలేదు. గుండె ఆగిందని ఆసుపత్రిలో చెప్పారు.

అల్ నహ్దాలో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్లం. అన్నది నెల్లూరు. కాంక్రీటు మీద పీహెచ్‌డీ చేశారు. అక్కడ కాలేజీల్లో తాత్కాలికంగా చెప్పే పాఠాలతో ఇల్లు గడవక 2004లో ఇక్కడికొచ్చారు, హెల్పర్ వీసా మీద. ఏజెంటు దగ్గర ఉన్నది అదొక్కటే. లోపలికి పోతే చాలు, తర్వాత మార్చుకోవచ్చు అన్నాడట. ఆ మాట నమ్మి వచ్చినవాళ్లు మా బిల్డింగులోనే చాలామంది ఉన్నారు.

కాంక్రీటు పరీక్షించే ల్యాబులో ఆయన పని దిమ్మలు మోయడం, నీటి తొట్టిలో నానబెట్టడం, బలం తేల్చే మిషన్లో పెట్టి పగలగొట్టడం. పోసిన తేదీ ప్రతి దిమ్మ మీదా రాయాలి. ఆ అలవాటుతో ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె మీదా తోడుపెట్టిన తేదీ వేసేవారు.

"పెరుగును గూడా మిషన్లో పెట్టి పగలగొడతావా ఏందన్నా?" అని మాతో ఉండే కర్నూలు మెకానిక్ ఏడిపించేవాడు.

"ముందు నీ చపాతీ పెడతా. మిషనే పగిలిపోద్ది."

ఇక్కడి నేలలోని ఉప్పు కాంక్రీటును ఎలా తినేస్తుందన్నదే ఆయన ధ్యాస. సొంతంగా పోసిన చిన్న దిమ్మలను బాల్కనీలో ఉప్పునీళ్ల బకెట్‌లో ఉంచారు. బట్టలు నానబెట్టే బకెట్ పోయిందని మేం గొణిగాం. అవి ఎంత దెబ్బతింటున్నాయో కొలిచి రాసుకునేవారు. ఆ కొలతలు చూసి అబూదాబీలోని ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ తన దగ్గర పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం ఇస్తానన్నారు. దానికి పీహెచ్‌డీ అయి ఐదేళ్లు దాటకూడదు. అన్నకు ఆ ఏడాదే ఆఖరిది. వేరే చోట చేరడానికి ఒప్పుకుంటూ కంపెనీ ఇచ్చే రిలీజ్ కాగితం కూడా కావాలి. అది లేకుండా మానేస్తే ఈ దేశంలో మళ్లీ పనిచేయకుండా బ్యాన్ పడుతుంది. పాస్‌పోర్టు సరేసరి, కంపెనీ దగ్గరే.

రిలీజ్ అడగడానికి ముదీర్ దగ్గరికి, అంటే కంపెనీ మేనేజర్ దగ్గరికి, నన్ను తోడు తీసుకెళ్లారు. ముదీర్ కోప్పడలేదు, చాయ్ తెప్పించాడు. తన దగ్గర డాక్టరెవరూ లేరని, ఉన్నది హెల్పరేనని, హెల్పర్‌కు యూనివర్సిటీలో ఏం పనని హిందీలో అడిగాడు. ప్రాజెక్టు అయ్యాక చూద్దాం, ఖలాస్ అన్నాడు.

ప్రాజెక్టు అవలేదు. సెమిస్టర్ మొదలైంది. ఆ స్థానంలో వేరొకరు చేరారని ప్రొఫెసర్ మర్యాదగా మెయిల్ రాశారు. మళ్లీ ప్రకటన వస్తుంది కదా అన్నాను.

"వస్తాది అబ్బయ్యా. నాకు గాదు" అన్నారు. డ్యూటీ బూట్లు తొడుక్కుంటూ, "దిమ్మలకు అదేం తెలీదు గదా. బకెట్లో నీళ్లు తగ్గితే కాసిని పొయ్యి" అన్నారు.

ఆయన పోయాక నేను పనిచేసే పత్రికకు నాలుగు వాక్యాలు రాశాను. కాంక్రీటు పరిశోధకుడు అన్నాను. డెస్క్ ఆధారం అడిగింది. వాళ్ల చోట ఉంటే నేనూ అడిగేవాణ్ణి. పట్టాలు నెల్లూరులో ఉన్నాయి. పోలీసుల కాగితంలో హెల్పర్ అని ఉంది. అచ్చులో అదే వచ్చింది.

ఆయన మంచానికి కొత్త మనిషి వచ్చాడు. బాల్కనీలో బకెట్ ఎందుకు, తీసేద్దామన్నాడు. కర్నూలు మెకానిక్ వంటగదిలోంచి చెంబు తెచ్చి, బకెట్లో నీళ్లు తగ్గినచోట తెల్లగా గడ్డకట్టిన ఉప్పు మునిగేదాకా నీళ్లు పోశాడు. అడుగున దిమ్మల మీద అన్న వేసిన తేదీలు కాసేపు కదిలి, మళ్లీ నిలబడ్డాయి.