ముప్పై తొమ్మిదో కార్డు

గున్నమ్మ గీసిన కప్ప ఒకసారి రికార్డు పుస్తకంలోంచి గెంతి, ల్యాబు బల్ల దాటి, జగన్నాధం మేష్టారి టీ గ్లాసులో పడింది. చీపురుపల్లి డిగ్రీ కాలేజీని ఎరిగినవాళ్ళెవరూ ఈ సంగతి కాదనరు. బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమంటే మాత్రం కొంచెం తగ్గించుకోవాలి. గ్లాసు దాకా పోలేదు. నిజానికి పుస్తకమే దాటలేదు. జువాలజీ చెప్పే జగన్నాధం మేష్టారు పేజీ తిప్పేసరికి కప్ప తన వైపే చూస్తున్నట్టుండి, ఆయన గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అంతవరకూ ఖాయం.

గున్నమ్మ ఆ కాలేజీలో ల్యాబు అటెండరు. సీసాలు తుడవడం, మైక్రోస్కోపులకు గుడ్డలు కప్పడం, గోడ మీది చార్టులకు దుమ్ము దులపడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళు దులిపాక ఆ చార్టులు ఆమె చేతిలోకి దిగిపోయాయి. చదువు రాదు. కానీ వానపాము పేగులు, మందారపువ్వు నిలువుకోత, కప్ప గుండె, ఏదైనా సరే ఎదురుగా ఉంటే వెంట్రుకవాసి తేడా లేకుండా దించేస్తుంది. పక్కన రాసే ఇంగ్లీషు పేర్లను కూడా బొమ్మల్లాగే దించుతుంది. అది ఏ అక్షరమో తెలియదు, ఎక్కడ ఎంత వంపు తిరిగిందో తెలుసు.

కాలేజీల్లో కప్పల్ని కొయ్యడం మాన్పించాక పిల్లలకు మిగిలింది బొమ్మలే. రికార్డులు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడితే మల్లెపూల దండతోనో, గారెల పొట్లంతోనో ఒక్కొక్కరే స్టోరు గదిలోకి దూరేవారు. మేష్టార్లకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టు సంతకాలు పెట్టేవారు.

అయితే గున్నమ్మ చేతికి ఒక లోటు ఉంది. ముందు ఏదో ఒకటి ఉండాలి. చూసి గియ్యడమే తప్ప, తనకు తోచింది గియ్యడం ఆమె ఎరగదు. ఆ అవసరం రెండు వేల పదహారు మార్చి దాకా రాలేదు.

ఆ ఏడు ఆమె కూతురు గౌరి అదే కాలేజీలో బీఎస్సీ ఆఖరు సంవత్సరం. వీడ్కోలు సభకు ఇంగ్లీషు మేడం ఒక కొత్త పద్ధతి పెట్టింది. క్లాసులో ప్రతి ఒక్కరికీ ఇంటి నుంచి ఒక కార్డు రావాలి. అమ్మో నాన్నో చేత్తో చిన్న బొమ్మ గీసి, లోపల ఒక మాట రాసి, వేదికెక్కి తమ బిడ్డకు ఇవ్వాలి. అంగట్లో కొన్నవి పనికిరావు. క్లాసులో ముప్పై తొమ్మిది మంది. వాళ్ళ అమ్మానాన్నలు మొక్కజొన్న చేలల్లోనో, ఇటుక బట్టీల్లోనో, చేపల బుట్టలతో రైలు పెట్టెల్లోనో ఉండే మనుషులు. పెన్సిలు పట్టే తీరిక ఎవరికుంది? మర్నాటికల్లా ముప్పై ఎనిమిది చార్టుపేపరు ముక్కలు గున్నమ్మ స్టోరు గదిలోకి వచ్చి పడ్డాయి.

మొదట వచ్చింది కుమారి. వాళ్ళమ్మ చేపలమ్ముతుంది. కుమారి ఫోనులో ఒక నల్లటోపీ చూపించింది.

“ఇదేటే, నెత్తి మీద పలక బోర్లించుకున్నాది?” అంది గున్నమ్మ.

“డిగ్రీ అయినోళ్ళ టోపీ పిన్నీ.”

“మీకూ ఇస్తారేటి?”

“మనకెక్కడిస్తారు? అందుకే బొమ్మ గియ్యమంతన్నాను.”

గున్నమ్మ టోపీ గీసింది, కుచ్చు గాలికి కొంచెం ఊగుతున్నట్టు. ఇంకొక పిల్ల రిబ్బను కట్టిన కాగితపు చుట్ట అడిగింది. ఇంకొకతె తెరిచిన పుస్తకంలోంచి పేజీలు పిట్టలై లేచిపోవాలంది. రోజూ పాసింజరులో వచ్చే పిల్ల రైలు కిటికీలోంచి ఊగే చెయ్యి కావాలంది. ఒకడు పరీక్షనాళికలో చామంతి పువ్వు కోరాడు. క్యాంటీనుకే అంకితమైన మరొకడు సమోసాకు రెక్కలు పెట్టించుకున్నాడు. అన్నీ నాలుగు గీతల బొమ్మలే. మాట రాసుకోవడానికి చోటు ఉండాలని ప్రతి బొమ్మనూ కార్డు మూలకు జరిపింది. ఎవరికేం కావాలో వాళ్ళు చూపించారు, ఆమె దించింది. నాలుగు మధ్యాహ్నాల్లో పని తీరిపోయింది.

ఆఖరి కార్డు గౌరిది. ఏ బొమ్మ కావాలో చూపించమంది తల్లి.

“అందరికీ ఆళ్ళు సెప్పింది గీసావు. నాకు నువ్వు అనుకున్నది గియ్యి” అంది గౌరి. అని, జడ అల్లుకుంటూ వెళ్ళిపోయింది.

 గున్నమ్మ కార్డు ముందు పెట్టుకుని కూర్చుంది. ఏమీ అనుకోవడం రాలేదు. ల్యాబులో బీరువాలన్నీ తెరిచి చూసింది. సీసాల్లో నక్షత్రచేప ఉంది, గుర్రపుచేప ఉంది, గౌరికి ఇవ్వదగ్గది ఏదీ లేదు. జగన్నాధం మేష్టారిని అడిగితే దీపం గియ్యమన్నారు, చదువంటే దీపమే కదా అన్నారు. అది ఆయన అనుకున్నది. భర్త రాముడిని అడిగితే, పిల్లకి కోడికూర ఇష్టం కాబట్టి పెట్టను గీసెయ్యమన్నాడు. అది అతను అనుకున్నది. ఇద్దరిలో ఎవరు చెప్పింది గీసినా కూతురితో అబద్ధమాడినట్టే. రాముడితో ఆ మాట చెప్పబోతే అతనికి నవ్వొచ్చింది.

సభ సోమవారం. ఆదివారం మధ్యాహ్నం గౌరి తిని చాప మీద పడి నిద్రపోయింది. ఈగలు వాలకుండా ముఖం నిండా చున్నీ కప్పుకుంది. గున్నమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఖాళీ కార్డు చూసీ చూసీ తలెత్తింది. ఎదురుగా చాప దాటి బయటికొచ్చిన కూతురి కాళ్ళు కనపడ్డాయి. ఊరి నుంచి కాలేజీకి మూడున్నర కిలోమీటర్లు. తల్లి తెల్లారకముందే పాలవాడి బండి మీద పోతే, కూతురు మూడేళ్ళూ నడిచింది.

పెన్సిలు దానంతటదే కదిలింది. గోడ మీద చార్టు లేదు, ఫోనులో బొమ్మ లేదు. జువాలజీ రికార్డు గీసేటప్పుడు ఉన్నది దాచకూడదు, దాస్తే మార్కులు పోతాయి. ఆమెకు తెలిసిన నియమం అదొక్కటే. అందుకని ఏదీ దాచలేదు. చెప్పుల పట్టీలు పడినచోట తెల్లగా మిగిలిన చారలు వేసింది. ఎడమ మడమలో మొక్కజొన్న కొయ్య దిగిన మచ్చ వేసింది. సగం విరిగిన చిటికెన గోరు, పగుళ్ళు, అన్నీ సన్నని చుక్కలతో వేసింది. మూలకు జరపడం మరిచిపోయింది, కార్డంతా కాళ్ళే అయ్యాయి. లోపల, హాజరు పట్టీలో సంతకంగా దించే తన పేరు పెట్టింది. చేతిలోకి తీసుకుని చూస్తే గుండె నిండింది. ఒక నిమిషం పాటే. తర్వాత భయమేసింది. ఇది బాగుందా అని అడగడానికి ఎవరూ లేరు. అడిగితే మళ్ళీ అది వాళ్ళు అనుకున్నదైపోతుంది.

సభలో కుమారి వాళ్ళమ్మ వేదికెక్కి టోపీ బొమ్మ ఇచ్చింది. ఎంత చక్కగా గీశారని ఇంగ్లీషు మేడం పొగిడితే, ఆవిడ సిగ్గుపడి, చిన్నప్పటి నుంచీ అలవాటేనంది. చప్పట్లు మోగాయి. రైలు వచ్చింది, పిట్టలు వచ్చాయి, సమోసాకు ఈలలు పడ్డాయి. ప్రతి ఒక్కరూ కార్డు పైకెత్తి జనానికి చూపించారు. మంచినీళ్ళ గ్లాసులు అందిస్తున్న గున్నమ్మ తన వంతు వచ్చాక చేతులు తుడుచుకుని ఎక్కింది.

గౌరి కార్డు చూసింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ చూసింది. మేడం పైకెత్తమంది. గౌరి ఎత్తలేదు. తరవాత చూపిస్తానని కార్డును చున్నీ చాటుకు తీసుకుని దిగిపోయింది. గున్నమ్మ ఖాళీ చేతులతో దిగి, గ్లాసులు ఏరడానికి వెళ్ళింది.

ఇంటిదారిలో ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. కాలవ గట్టు దాటాక గౌరి అడిగింది.

“అందరికీ అంత బాగా గీసావు. నాకు కాళ్ళేటమ్మా? నా మొకం కనబడనేదా నీకు?”

ఆ మధ్యాహ్నం మొకం మీద చున్నీ ఉంది. జవాబు అంతే. కానీ ఆ మాట నోటి దాకా వచ్చేసరికి గున్నమ్మకే సాకులా వినపడింది. అది నిజం కూడా పూర్తిగా కాదు. చున్నీ లేకపోయినా కాళ్ళే గీసేదేమో. 

“ఇలగిచ్చీ. బేగి టోపీ గీసిచ్చెస్తాను” అంది.

“వద్దు.”

“పోనీ, పిట్టలు?”

“వద్దన్నాను కదమ్మా.”

కార్డు మాత్రం తిరిగి ఇవ్వలేదు. జూన్లో గౌరి బీఈడీకి విజయనగరం హాస్టలుకు వెళ్ళిపోయింది. వెళ్ళిన రోజే గున్నమ్మ ఇల్లంతా వెతికింది. గూట్లో లేదు, పాత పుస్తకాల్లో లేదు, పరుపు కింద లేదు. పొయ్యి దగ్గర చెత్త కూడా కెలికింది, చింపిన ముక్కలూ లేవు. పట్టుకెళ్ళిందో, పారేసిందో తెలియదు. ఆదివారాలు ఫోను చేసినప్పుడు తిన్నావా అని అడుగుతుంది, దుప్పటి సరిపోతోందా అని అడుగుతుంది. ఆ ఒక్కటీ అడగలేకపోతుంది. తర్వాతి బ్యాచీల పిల్లలు కార్డుల కోసం వస్తే, చేతికి తిమ్మిరి అని పంపేస్తోంది.

ఈ కథ నిజమేనా అని ఎవరైనా ల్యాబుకు వెళ్ళి అడిగితే, గున్నమ్మ సీసా తుడవడం ఆపదు.

“ఎవుడు సెప్పాడు బాబూ మీకు? నాకు పెన్సిలు పట్టడమే రాదు. పిల్లల రికార్డులు పిల్లలే గీసుకుంటారు. మా గౌరికి నాను ఏ కార్డూ ఇవ్వనేదు, అదే బజార్లో కొనుక్కున్నాది. కాళ్ళు నేవు, ఏటీ నేదు. అంతా అబద్దం.”