ముగ్గు వెనక పేజీ

మా తెలుగు మేడమ్ ఆ నెల మాకు పెట్టిన పని వినగానే నాకు ఒళ్ళు మండింది. పరీక్షకు రాని పుస్తకం ఒకటి ఎవరికి వాళ్ళు ఎంచుకుని, నెలంతా తమ కోసమే చదువుకుని, నెలాఖరున దాని గురించి క్లాసులో మాట్లాడాలట. పరీక్షకు రాని దాన్ని చదవడం దేనికని మా బెంచీ అంతా గొణిగింది. ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో కూర్చుని మెటీరియల్ బట్టీ కొట్టినవాళ్ళం మేము. పుస్తకమంటే చివర ప్రశ్నలుండాలి, ప్రశ్నల పక్కన మార్కులుండాలి. అవి లేని పుస్తకాన్ని ఎందుకు తెరుస్తారో నాకు నిజంగా తెలియదు.

మాది రేపల్లె. తెనాలిలో డిగ్రీ చదువుతున్నాను. పొద్దున పాసింజరెక్కి వెళ్తాను, సాయంత్రం మళ్ళీ పాసింజర్లోనే వస్తాను. ఆ సాయంత్రం బ్యాగు మంచం మీద పడేసి, "అమ్మా, ఇంట్లో ఏదైనా పుస్తకం ఉందా? సన్నగా ఉంటే మంచిది" అన్నాను. ఏదో మాట వరసకు అడిగాను గానీ ఉంటుందని కాదు. నాన్నకు ఎరువుల కొట్టు. మా ఇంట్లో పుస్తకాలంటే పురుగుమందుల కంపెనీవాళ్ళు ఇచ్చే డైరీలేనని నా నమ్మకం. అమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, బీరువా పైనుంచి పాత చీర ముక్కలో చుట్టిన మూట దించింది.

అందులో ఉన్నది కొన్న పుస్తకం కాదు, కుట్టిన పుస్తకం. వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, దబ్బనంతో పురికొస గుచ్చి కుట్టి, మైదా జిగురుతో క్యాలెండర్ అట్ట అంటించి, పెళ్ళికి ముందు అమ్మ చేసుకున్న పుస్తకం. అప్పుడు వాళ్ళు తెనాలిలో కాలవ పక్క వీధిలో ఉండేవాళ్ళు. వీధిలో నాలుగైదిళ్ళకు కలిపి ఒకటే పత్రిక. అందరూ చదివేశాక పంపకాలు. సీరియల్ అమ్మది, వంటల పేజీ ఎదురింటావిడది, ముగ్గులు పక్కింటి అక్కవి. ఒకే కాగితానికి ఇటు సీరియలూ అటు ముగ్గూ పడితే, ముందు అక్క తీసుకెళ్ళి ముగ్గు దించుకుని, కాగితం అమ్మకు తిరిగిచ్చేది. ఒక్కసారి కూడా తగాదా రాలేదంటుంది అమ్మ. ఆస్తులు పంచుకునే అన్నదమ్ములు వీళ్ళ దగ్గర పాఠం చెప్పించుకోవాలి.

రైల్లో చదవడం మొదలుపెట్టాను. మొదట్లో నవ్వొచ్చింది. కథలో పిల్ల వారం వారం క్రమం తప్పకుండా ఏడుస్తుంది, ప్రతి వారం చివరా ఎవరో ఒకరు తలుపు కొడతారు. ఇదేం గోలరా అనుకుంటూనే పేజీ తిప్పేదాన్ని. ఎప్పటినుంచి నవ్వడం మానేశానో నాకే తెలియదు. ఒకరోజు తెనాలి వచ్చినా తల ఎత్తకపోతే పక్కనావిడ భుజం తట్టి, "అమ్మాయ్, దిగవా ఏంటి? కాలేజీ ఇక్కడే కదా!" అని కేకేసింది. బండి కదులుతుంటే దిగాను. ఆ రోజు ఫోను బ్యాగులోంచి తీయనే లేదని సాయంత్రం ఇంటికొచ్చాక గానీ గుర్తు రాలేదు.

కథ పెద్దదేం కాదు. పల్లెటూరి పిల్లకు దూరంగా ఉన్న పట్నంలో టీచరు ట్రైనింగ్‌కు సీటొస్తుంది. ఇంట్లో మేనత్త, బాబాయి, అందరూ తలో మాటా అంటారు. తండ్రి మాత్రం పెదవి విప్పడు. ఒక వారం చివర ఆ పిల్ల రేకు పెట్టె సర్దుకుని వసారాలోకొచ్చి నిలబడుతుంది. పేజీ తిప్పితే పట్నంలో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోంది! నేను తిరిగి వెనక్కి తిప్పాను. మధ్యలో ఒక కాగితం లేదు. పురికొస దగ్గర కొంచెం వదులుగా ఖాళీ మాత్రం ఉంది.

ఇంటికెళ్ళగానే చెప్పులు విడవకుండానే అడిగాను. అమ్మ గోంగూర వలుస్తోంది.

"ఆ పేజీనా? దాని వెనక శ్రావణమాసం ముగ్గు పడింది. అక్క తీసుకెళ్ళింది. ఈలోపు నా పెళ్ళి కుదిరిపోయింది."

"తర్వాత అడగలేదా?"

"పెళ్ళి హడావిడిలో ఒక్క కాగితం కోసం ఏం అడుగుతామే?"

"మరి పెళ్ళయ్యాక?"

"వాళ్ళు బాపట్ల వెళ్ళిపోయారు. అయినా అంత చిన్నదానికి అడిగితే ఏం బాగుంటుంది?"

నాకు తిక్క రేగింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ సంగతి వేరు, పెట్టడమే తప్ప అడగడం రాదు. పండక్కి ఏ రంగు చీర కావాలన్నా "ఏదో ఒకటి" అంటుంది. కానీ ఆ సాయంత్రం గోంగూర వలుస్తూ అమ్మ చెప్పింది విన్నాక నా కోపం ఎటో పోయింది. ఆ పిల్ల ఇంట్లోంచి ఎలా బయటపడిందో ఇన్నేళ్ళుగా తనే ఊహించుకుంటోందట. కొన్నాళ్ళు, గడియ తీసుకుని పారిపోయి ఉంటుందనుకుంది. నేను పుట్టాక, పారిపోవడం కాదులే, తండ్రి కాళ్ళమీద పడి ఉంటుందనుకుంది. ఈమధ్య మాత్రం, పెద్ద గొడవే చేసి ఉంటుంది, లేకపోతే ఎవరు పంపిస్తారు అనుకుంటోంది.

"నాకూ డిగ్రీలో సీటొచ్చిందే అప్పుడు" అంది, ఆకులన్నీ చేటలోకి తోస్తూ. "చేరాల్సిన వారమే సంబంధం కుదిరింది."

ఆ మాట నాకు అదే మొదటిసారి వినడం. అమ్మ ఇంటర్‌తో ఆపేసిందని తెలుసు. ఆపేసిందంటే తనకు ఇష్టం లేక ఆపేసిందనే ఇంతకాలం అనుకున్నాను. ఆ కాగితం ఎలాగైనా తెచ్చి అమ్మ చేతిలో పెట్టాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

చుట్టాలను అడిగితే ఆ పక్కింటి అక్క, అంటే నాకు బాపట్ల పెద్దమ్మ, ఫోన్ నంబరు దొరికింది. ఆదివారం వెళ్తానంటే అమ్మ "వద్దే, బాగోదు" అని నా వెనకాలే తిరిగింది. తీరా గుమ్మం దిగేటప్పుడు మాత్రం గోంగూర పచ్చడి సీసా ఒకటి సంచిలో పెట్టి, "ఇది ఇవ్వడానికి వచ్చానని చెప్పు" అంది. తెనాలిలో బండి మారి బాపట్లలో దిగేసరికి ఎండ మండిపోతోంది. పెద్దమ్మ ఇప్పుడు ముగ్గులు ఫోన్లో చూసి వేస్తోంది. పాత కాగితాలు ఇంకా ఎందుకుంచుతుంది?

"పారేస్తానా ఏంటి!" అంటూ ఆవిడ అటక మీంచి బిస్కెట్ డబ్బా దింపించింది. నిండా ముగ్గులే. ఒక్కొక్కటీ తిరగేసి చూస్తుంటే పదిహేను చుక్కల తామరపూల ముగ్గు వెనక మా సీరియల్ కనిపించింది. ముగ్గు అందంగా ఉండాలని చుట్టూ కత్తిరతో గుండ్రంగా కత్తిరించేసింది. నాలుగు మూలలా మాటలు తెగిపోయినా, కథ మాత్రం అందులోనే ఉంది.

"అయ్యో, దీని వెనక దాని సీరియలుందని నాకు గుర్తే లేదే. ఒక్క మాట అడిగి ఉంటే పోస్టులో పంపేదాన్ని కదా!" అంటూ పెద్దమ్మ నొచ్చుకుంది. కాగితాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి ఇచ్చింది. దారిలో చదవబుద్ధేసింది గానీ చదవలేదు. అది ముందు అమ్మ చదవాల్సింది.

అమ్మ వాకిట్లో వెలుతురుకు కూర్చుని చదివింది. తెగిపోయిన మాటల దగ్గర పెదవులు కదిపి కూడబలుక్కుంది. చదివి, నాకిచ్చింది. అందులో గొడవ లేదు, పారిపోవడం లేదు. ఆ పిల్ల వసారాలో నిలబడి, నేను వెళ్తాను నాన్నా, పంపించండి అంటుంది. తండ్రి లేచి చెప్పులేసుకుని, రేకు పెట్టె భుజాన పెట్టుకుని బస్సు దాకా నడుస్తాడు. అంతే.

"అంతేనా?" అంది అమ్మ. కాగితం నా దగ్గర్నుంచి తిరిగి తీసుకుని, "గొడవ పడితే గానీ పంపరనుకున్నానే. నాకు గొడవ పడటం రాదు. అందుకని ఊరుకున్నా" అంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మకు రాలేదు, లేచి పొయ్యి మీద పాలు చూసుకోవడానికి వెళ్ళింది.

నెలాఖరున క్లాసులో నేను ఆ ఒక్క పేజీ గురించే మాట్లాడాను. మేడమ్ బాగుందన్నారు. మార్కులెన్ని అని అడగడం మర్చిపోయాను.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నాన్న అన్నం తింటున్నారు. అమ్మ పప్పు వడ్డిస్తూ, గిన్నె కింద పెట్టకుండానే, "ఏవండీ, నేను డిగ్రీ చదువుకుంటానండి. దూరవిద్యలో" అంది. నేను ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆపేశాను.

"చదువుకో. వద్దన్నదెవరు?" అన్నారు నాన్న, తల ఎత్తకుండా.

ఆయన మంచిగానే అన్నారు. నాకు మాత్రం ఎవరినైనా పట్టుకుని కొట్టాలనిపించింది, కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు.

"ఎవరూ వద్దనలేదండి" అంది అమ్మ. "చదువుతావా అని కూడా ఎవరూ అడగలేదు."

నాన్న తల ఎత్తి అమ్మ వైపు చూశారు.

"ఏం చదువుతావు?" అన్నారు.

అమ్మ గిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. ఆ సీటు పోయాక ఇన్నేళ్ళూ తన ఊహంతా గడప ఎలా దాటాలన్న దగ్గరే ఆగిపోయింది, ఆ ప్రశ్న దాకా ఒక్కసారి కూడా వెళ్ళలేదు, జవాబేమని చెబుతుంది పాపం!