పనికిరాని కేసెట్టు

గత నెల ఒక బుధవారం ఉదయం మా వీధి కుళాయి రాలేదు. "ఈ సింహాచలం గారు వాల్వు తిప్పడం మరిచారేమిటి" అని ఖాళీ బిందెతో విసుక్కుంటూ నిలబడి ఉండగానే, ఆయన పంపుహౌసు మెట్ల మీద గుండె ఆగి పోయారన్న దుర్వార్త చెవిన పడింది. బిందె అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఆ విసుగు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

రాయగడ ఊరి నీటి సరఫరాలో ఆయన వాల్వుమేన్. గొట్టానికి చెవి ఆనించి, నీళ్ళు ఏ వీధి దాకా వచ్చాయో చెప్పేవారు. ఆ చెవిని పద్యనాటకానికి అంకితం చేసిన మహారసికుడాయన. తాతల నాడు విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం, చదువు ఐదో తరగతి. అయినా రాగజ్ఞానంలో ఆయన ముందు, తెలుగు పాఠాలు చెప్పుకొని బతికే నేనే విద్యార్థిని. ప్రతి ఆదివారం మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకు కింద ఆయన క్వార్టర్లో మా నాటకాభిమానుల గోష్ఠి జరిగేది. మా పరిచయమైన పదిహేనేళ్ళూ ఒకటే తగువు: నాటకం గొప్పదా, దాని కేసెట్టు గొప్పదా, సినిమాగా తీస్తే అది గొప్పదా?

నేను సినిమా పక్షం. ఆయన రంగస్థలం పక్షం. రాజీ ప్రసక్తి లేదు.

"సినిమాలో మొగం ఒకడిది, గొంతు ఇంకొకడిది. దండ ఎవడి మెళ్ళో ఎయ్యాలి, సెప్పండి మేష్టారూ?" అనేవారు. పోనీ స్టూడియోలో పాడించి అమ్మే కేసెట్టో అంటే, "అది గోడకి పాడినట్టుంటాది. ఎదురుగా జనం నేకపోతే పద్యానికి ఊపిరెక్కడిది?" అని కొట్టిపారేసేవారు.

అలాగని మొండివాడు కాదు. ఒకసారి మా ఇంట్లో టీవీలో ఓ పౌరాణిక చిత్రం వస్తుంటే బలవంతాన కూర్చోబెట్టాను. నాటకంగా ఆయన ఎన్నోసార్లు చూసిన కథే. బిడ్డకు దూరమైన రాణి పద్యమే ఎత్తకుండా, కంటి కొసన ఒక్క బొట్టు నిలిపింది. సింహాచలం గారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "అంత దగ్గిరికెల్లి సూపించడం నాటకంలో అవదు మేష్టారూ. ఇది మీదే" అన్నారు. ఎదుటివాడి గెలుపును అంత ఇష్టంగా ఒప్పుకున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. మరుసటి ఆదివారం మళ్ళీ తగువు మొదలెట్టారనుకోండి!

కంపెనీ కేసెట్ల మీద నమ్మకం లేక నాటకాలను తానే రికార్డు చేసుకునేవారు. టికిరిలో గానీ కొరాపుట్‌లో గానీ తెలుగు నాటకం అంటే చాలు, టేపురికార్డరు చంకన పెట్టుకొని, నన్నూ వెంటబెట్టుకొని బస్సెక్కేవారు. అయితే ఒక చిక్కుంది. మంచి పద్యానికి వన్స్ మోర్ కొట్టకపోతే ఆయన ప్రాణం ఊరుకోదు. కొడితే టేపులో పడుతుంది. "మనం నటుణ్ణి దాస్తన్నాం గానీ మనల్ని కాదు" అని, టేపు తిరుగుతున్నంతసేపూ నోటికి తువ్వాలు కట్టుకొని కూర్చునేవారు. తెలియనివాళ్ళు పంటినొప్పి అనుకునేవారు. పద్యం రక్తికట్టినప్పుడు ఆ తువ్వాలు వెనక బుగ్గలు ఉబ్బుతుంటే, నేను నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయేవాణ్ణి.

కొరాపుట్‌లో ఓ మధ్యాహ్నం ఆ నియమం తప్పింది. హాల్లో ఫ్యాను గాలి మైకులో బుసకొడుతుంటే, గత్యంతరం లేక తువ్వాలు విప్పి మైకుకు చుట్టారు. రాజు వేషధారి ఆనాడు పాడినట్టు మళ్ళీ ఎవరూ పాడలేదు. రాగం తారస్థాయికి వెళ్ళి నిలిచింది. సింహాచలం గారు లేచి నిలబడి అరిచేశారు! ఇంటికి రాగానే ఆ కేసెట్టుకు 'పనికిరాదు' అని చీటీ అంటించి ట్రంకుపెట్టె అడుగున పడేశారు. ఎంత బతిమాలినా వినిపించలేదు. "ఒద్దు మేష్టారూ, ఎదవ గొంతొకటి అడ్డొచ్చేసింది" అనేవారు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన భార్య పైడమ్మ గారు నన్ను పిలిపించారు.

"ఇన్నేసి గొంతులు దాసేరు కదా మేష్టారూ, ఆరి గొంతు దేన్లోనైనా ఉందేటో సూడండి. నిన్నట్నుంచి నాకు సరిగ్గా గుర్తుకి రాడం నేదు. బయమేస్తంది."

రెండు రోజులు ఆ కేసెట్లన్నీ విన్నాం. హార్మోనియం ఉంది, ఈలలు ఉన్నాయి, ఎవరి పిల్లదో ఏడుపు ఉంది. ఆయన దగ్గు కూడా లేదు. ఎంత నిష్ఠగా కట్టుకున్నారో ఆ తువ్వాలు! ఇన్నాళ్ళూ ఆ నిష్ఠను మెచ్చుకున్న నేనే ఆ రోజు దాన్ని తిట్టుకున్నాను. చివరికి పెట్టె అడుగున 'పనికిరాదు' చేతికి తగిలింది.

పద్యం మొదలైంది. రాగం పైకి వెళ్ళి నిలిచింది. జనం చప్పట్ల కంటే ముందు, మైకు పక్కనే, ఆనందంతో పగిలిన గొంతు వినబడింది: "వన్స్ మోర్! వన్స్ మోర్ బాబూ!"

పైడమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. టేపులో నటుడు కాదనకుండా పద్యం మళ్ళీ అందుకున్నాడు. మా ఇద్దరి చెవికీ అది ఎక్కలేదు.

"ఇంకోపాలి ఎయ్యండి మేష్టారూ," అన్నారామె.

వెనక్కి తిప్పి వేశాను. మళ్ళీ వేశాను. రాయగడలో రేపు ఏ నాటకం ఆడినా, నోటికి తువ్వాలు కట్టుకొని వినే రసికుడు ఉండడు. నాతో తగువులాడి, చివరికి నాదే గెలుపని చెప్పే స్నేహితుడూ ఉండడు. ఆ లోటు తీరేది కాదు.

కేసెట్టు మీది చీటీని గోటితో గీకి తీసేశాను. కొత్త చీటీ మీద ఏ నాటకం పేరూ రాయలేదు. 'సింహాచలం గారు' అని రాసి, కళ్ళకద్దుకొని, పైడమ్మ గారి చేతిలో పెట్టాను.