అవ్వ విరిచిన మాత్ర

మందుల దుకాణం ముందు నిలబడితే ఒక్కోసారి లోపలి నుంచి తియ్యటి నారింజ వాసన వస్తుంది. నమిలే కాల్షియం మాత్రలది ఆ వాసన. అది తగిలితే చాలు, నలభై దాటిన నేను ఇప్పటికీ రెండడుగులు వెనక్కి వేస్తాను.

కరీంనగర్ దగ్గర మా నేతకారుల వాడలో పొద్దస్తమానం సాంచెల, అంటే మరమగ్గాల చప్పుడే. బాపు మరమగ్గం మీద ఉంటే, అవ్వ, అంటే మా అమ్మ, అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుట్టేది. వానలు వెలిసి తంగేడు పూసే రోజులొచ్చాయంటే మాకు బతుకమ్మకు పెట్టే నైవేద్యాల మీదే, ఆ సద్దుల మీదే ధ్యాస. నువ్వుల సద్ది కానీ, పెరుగు సద్ది కానీ, రొట్టె నలిపి బెల్లం దట్టించిన మలీద ముద్ద కానీ, అవ్వ తన వంతు కూడా విరిచి నాకూ తమ్ముడికీ పెట్టి, తన చేతికి అంటుకున్నది నాలుకతో నాకేది. అదే ఆమె తిండి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అవ్వ మెడలో గడ్డ పెరిగిందని పట్నం దవాఖానలో థైరాయిడ్ గ్రంథి తీసేశారు. ఇక ఒంట్లో కాల్షియం పడిపోతుంటుందని, రోజూ కాల్షియం మాత్రలు నమలాలని, మానితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పి పంపాడు. ఎముకలకు బలమని కూడా అన్నాడట. ఆ మాటే కొంప ముంచింది. బాపు పనికి పోగానే అవ్వ మాత్రను రెండుగా విరిచి మా ఇద్దరి నోట్లో పెట్టేది.

"పెరిగే పానాలు, మీకే గావాలె. బాపుకు జెప్పకుండ్రి," అనేది. మేం చప్పరించి, ఇంకోటి ఉందా అని అడిగేవాళ్లం కూడా.

నాలుగైదు రోజులకు పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుందని అంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. కండెలు చుట్టే చేతులకు తిమ్మిర్లు కొత్తా అంటూ వాడకట్టు ఆడవాళ్లు ఆముదం రాశారు. నాకు మాత్రం మాత్రల సంగతి లోపల ముల్లులా గుచ్చుతూనే ఉంది, అయినా నోరు విప్పలేదు. సద్దుల బతుకమ్మ సాయంత్రం, అందరితో చప్పట్లు కొడుతూ తిరుగుతున్న అవ్వ ఆగిపోయింది. రెండు చేతుల వేళ్లూ కొనలు దగ్గరికొచ్చి బిగుసుకుపోయాయి. అమ్మవారు పూనిందని ఎవరో పసుపునీళ్లు తెమ్మన్నారు. అవ్వ గొంతులోంచి ఊపిరి ఈలలా వస్తోంది. చచ్చిపోతుందనుకున్నాను. వీధి చివర నిలబడ్డ బాపు దగ్గరికి పరుగెత్తాను.

"బాపూ, గోలీలు అవ్వ తినలే. మేమే తిన్నం."

కొడతాడనుకున్నాను. అవ్వను ఎత్తి ఆటోలో వేసుకుపోయాడు. దవాఖానలో నరానికి కాల్షియం ఎక్కిస్తే నిదానంగా వేళ్లు తెరుచుకున్నాయట. ఇంటికొచ్చాక బాపు తన చేత్తోనే మాత్ర ఆమె నోట్లో వేసి, నమిలి మింగేదాకా ఎదురుగా కూర్చునేవాడు. అవ్వ మా మొహాలు చూడలేక తలదించుకుని నమిలేది. మాకు పెట్టకుండా ఆమె ఏదైనా తినడం అప్పుడే మొదటిసారి చూశాం.

ఇప్పుడు ఆ వాడలో చప్పుడు లేదు. సాంచెలు తుక్కు కింద పోయాయి, కండెలు చుట్టే అరుగులూ పోయాయి, బాపు కూడా లేడు. అవ్వ నా దగ్గరే ఉంటోంది. పక్కన కూర్చున్నప్పుడల్లా ఆమె చేయి నా ఒళ్లోకి తీసుకుని ఒక్కొక్క వేలూ విప్పి చూస్తుంటాను. బిడ్డ గారాబమనుకుంటుంది ఆమె. భయమని నేను ఇంతవరకు చెప్పలేదు.