పదకొండు వద్దులు

మా అక్కను అందరూ ఉత్తరాలమ్మ అంటారు. తపాలా ఆఫీసులో ఒక్కరోజు పనిచేసిన పాపాన పోలేదు. కాలేజీ నేలమాళిగలో, నీళ్ల పంపు పక్కనున్న ఇరుకు గదిలో ఒక పాత కంప్యూటరును పదిహేడేళ్లుగా చంటిపిల్లలా సాకుతోంది. ఊరూరి పనివాళ్లు రాసుకునే చర్చలన్నీ ఆ సర్వరుకు వచ్చి, అక్కణ్నుంచే అందరికీ కనిపిస్తాయి. లిఫ్టులు బాగుచేసేవాళ్లకొక గుంపు, బాయిలరువాళ్లకొక గుంపు. ఎవరేం రాసినా అక్కకు అది ఉత్తరమే. జీతం లేదు, మెప్పు లేదు. తిట్లు మాత్రం బోలెడు.

అక్కకు పాచిదంటే గిట్టదు. ఇంట్లో నిన్నటి కూర కనబడిందా, గిన్నెతో సహా బయటికే. సర్వరుకూ అదే నేర్పింది. తేదీ రెండు రోజులు దాటిన ఉత్తరం ఏది వచ్చినా చెత్తబుట్టలో పడేయాలి. పాత తగువులు మళ్లీ తిరిగి రాకుండా ఆ ఏర్పాటు. పంపినవాడికి మాత్రం ‘అందింది’ అనే కనిపిస్తుంది. “లేకపోతే అదే పదిసార్లు పంపి నా ప్రాణం తోడేస్తారే,” అనేది.

మా ఆయన బట్టలకు రంగులద్దే మిల్లులో బాయిలరు చూసేవారు. వాళ్ల గుంపులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కాస్త అనుమానమున్న పని చేయబోతే ముందురోజే అక్కడ రాయాలి. మర్నాటికి ఎవరూ వద్దనకపోతే కానివ్వచ్చు. సరే అని ఎవరూ రాయరు, వద్దనేవాడే రాస్తాడు. ఆ పద్ధతి అప్పటిదాకా ఎవరినీ ముంచలేదు.

ఆ రోజు పొద్దున మా ఆయన ఇలా రాశారు: “మూత దగ్గర ఆవిరి కారుతోంది. మేనేజరు బాయిలరు ఆపనివ్వడం లేదు. నడుస్తుండగానే బోల్టులు ఇంకో అరచుట్టు బిగిద్దామనుకుంటున్నాను. రేపు పదింటికి.” ఆ ఉత్తరం గుంపులో అందరికీ చేరింది. ఎవరూ జవాబు రాయకముందే, మధ్యాహ్నం కాలేజీలో కరెంటు పోయింది.

ఆ కంప్యూటరుకు ఒక జబ్బు. లోపలి బిళ్ల బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు పోయినప్పుడల్లా తేదీ మర్చిపోతుంది. మార్చవే తల్లీ అంటే “చూద్దాంలే” అనేది. గోడమీది క్యాలెండరు చూసి తనే తేదీ కొట్టేది. నెల పూర్తయ్యేదాకా ఆగే ఓపిక ఆవిడకెక్కడిది? నాలుగైదు రోజుల ముందే కాగితం తిప్పేసి కూర్చుంటుంది. ఆ మధ్యాహ్నం ఇరవయ్యారు అని సరిగ్గానే కొట్టింది, నెల మాత్రం ఇంకా రానిది కొట్టింది. ఇక ఆ క్షణం నుంచి ఎవరు ఎక్కణ్నుంచి ఆనాటి తేదీతో రాసినా సర్వరు దృష్టిలో అది నెల్లాళ్ల పాచి.

సాయంత్రానికి గుంపులన్నీ చప్పబడ్డాయి. లిఫ్టువాళ్ల పోట్లాట మధ్యలో తెగిపోయింది. అక్క నాకు ఫోన్ చేసి ఒకటే నవ్వు. “హమ్మయ్య, మధ్యాహ్నం నుంచి ఒక్కడూ నోరెత్తలేదే! నా దిష్టే తగిలేలా ఉంది.”

మర్నాడు పొద్దున లిఫ్టు మెకానిక్కు ఒకాయన అక్కకు ఫోన్ చేశాడు. “ఏమ్మా, నిన్నట్నుంచి నన్ను తిట్టేవాడే లేడు. అందరూ బతికే ఉన్నారా?” అప్పుడు అనుమానమొచ్చింది అక్కకు. చెత్తబుట్ట తెరిచింది. మూడువందల పన్నెండు ఉత్తరాలు. వాటిలో పదకొండు మా ఆయనకి. వద్దు. ఆవిరి ఉండగా ముట్టుకోవద్దు. బోల్టు తెగుతుంది, వద్దు నాయనా. ఒకాయనైతే ఒక్క మాటే నాలుగుసార్లు రాశాడు.

మా ఆయన ఫోన్ ఎత్తకపోయేసరికి మిల్లుకు ఫోన్ చేసింది. గేటు దగ్గరి మనిషి “ఉండమ్మా, కేకేస్తాను” అన్నాడట. అతను కేకేసేలోపే లోపల్నుంచి వేరే కేకలు వినబడ్డాయట. అప్పటికి పది దాటి మూడు నిమిషాలు.

మూడో రోజున ఆసుపత్రిలో ఆయన పోయారు.

నెల తిరిగాక ఆ పదకొండు ఉత్తరాలూ కాగితాల మీద అచ్చేసుకుని అక్క మా ఇంటికొచ్చింది. ఎందుకు తెచ్చిందో దానికే తెలియదు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. “బిళ్లంత బ్యాటరీ మార్చడానికి ఎన్నేళ్లే నీకు? నీ శుభ్రం తగలెయ్య! నా కొంప ఆర్పేశావు కదే!” అక్క మంచం అంచున కూర్చుని కాగితాలు సర్దుతూనే ఉంది. అప్పుడు అడిగింది.

“ఒక్కటి చెప్పవే. అలాంటి పనికి ఒక్కడూ వద్దనలేదంటే మరిదిగారికి అనుమానం రాలేదా? నాకొక్క ఫోన్ చేసుంటే చూసేదాన్ని కదే?”

“నాకేం తెలుసు?” అన్నాను.

తెలుసు. ఆ పొద్దున చెప్పులు వేసుకుంటూ ఆయన ఫోన్ తీశారు. “ఒక్కరూ వద్దనలేదేమిటి? మీ అక్కను అడుగుతానుండు, సర్వరు బాగానే ఉందా అని.” నేనే ఆపాను. “నిన్న సాయంత్రమే దానితో మాట్లాడాను, అంతా భేషుగ్గా ఉందట. పొద్దున్నే దాన్ని విసిగించకండి” అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లారు.